గేదెల మెట్ట మీద నా కొలువు

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. రెండొందల లీటర్లు పడతాను. మొదటి ఉద్యోగం సబ్బుల ఫ్యాక్టరీలో, సెంటు మోయడం. ఎన్నిసార్లు కడిగినా మల్లెపూల వాసన నన్ను వదల్లేదు.

తర్వాత గోదావరి లంకలో డ్వాక్రా సంఘం వాళ్ళు నన్ను కొన్నారు. వరదొస్తే పనికొస్తాయని అటుకులు, బెల్లం, ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు కుక్కి మూత బిగించారు. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

ప్రెసిడెంటు పల్లంరాజుగారు పంచాయతీ మేడ మీద పెట్టమన్నారు. మేడకు మొన్ననే రంగులేశారు, అధికారులొస్తే చూపించుకోవచ్చు. సంఘం లీడరు మంగతాయారు అడ్డం పడింది. కిందటేడు వరదలో ఆవిడ మనవరాలికి వాంతులు, విరేచనాలు. అప్పటి ఓఆర్ఎస్ పొట్లాలు ఆ మేడ మీదే ఉన్నాయి, మధ్యలో పీకల్లోతు నీళ్ళు. పిల్ల చావు అంచుదాకా వెళ్ళొచ్చింది.

"మెట్ట మీద పాకలో పెట్టించండి," అంది.

"గేదెల పాకలోనా? నవ్విపోతారమ్మా తాయారూ! మేడైతే మనుషులకి భద్రం కాదా?"

"భద్రమేనండి. మరి గేదెలు మెట్లెక్కవు కదండీ! గేదెనొదిలేసి మేడెక్కినోడు మన లంకలో ఒక్కడున్నాడాండీ? కట్టుకున్నదాన్నైనా మర్చిపోతాడు గానీ, పాలిచ్చేదాన్ని మర్చిపోడండి!"

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

మర్నాడు మగవాళ్ళే నన్ను దొర్లించుకుంటూ మెట్టెక్కించారు. పేడకుప్ప పక్కన మల్లె వాసనతో కూర్చున్నాను. నామోషీ వేసిన మాట నిజం.

శ్రావణంలో ఏటిగట్టు తెగింది. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మెట్ట మీద అరవై గేదెలు, వాటి పలుపులు పట్టుకుని నూరుమంది జనం. అందరికన్నా ఆఖర్న, రెండు ముర్రా గేదెల్ని అదిలించుకుంటూ పల్లంరాజుగారు. మేడ మీద మాత్రం ఒక్క కాకి ఉందట.

తాయారు నా మూత తీసింది. పొట్లాలు పసిపిల్లల తల్లులకు ముందు పంచింది. బిందెల్లో బిళ్ళలు వేయించింది. తర్వాత అటుకులు.

"నాకూ గుప్పెడు పెట్టమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు.

"పెడతానండి. వరసలో రండి."

వచ్చారు, గేదెలతో సహా.

మర్నాడు మధ్యాహ్నం పడవలొచ్చేసరికి నా అడుగు కనబడింది. ఒక్క పిల్లకీ జబ్బు చెయ్యలేదు. నిండుకుండ తొణకదంటారు. ఖాళీ అయిన డ్రమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు గనక నేనే చెబుతున్నాను: అది తలెత్తుకుని నిలబడుతుంది.