తీసినచోటే పెట్టిన పుస్తకాలు

"నా కత్తి ఏదండీ?"

సగం తరిగిన క్యారెట్లు బల్ల మీదే ఉన్నాయి. ఎవరో తలుపు తట్టారని వెళ్ళి వచ్చేలోగా మావారు కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టేశారు.

"తీసినచోటే పెట్టాను."

"నా పని ఇంకా అవ్వందే!"

"ఊరికే పడుంది కదా."

"కాసేపు కూర్చుంటే నన్నూ సర్దేసేలా ఉన్నారు."

"నాన్నా, అమ్మకి నంబరు అంటించావా?" అని మా అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. నెల రోజులుగా ఇంతే.

ఆయన కాలేజీ లైబ్రేరియన్. ముప్ఫై ఒక్కేళ్ళుగా అక్కడే లైబ్రరీ కోర్సు పాఠాలూ చెబుతున్నారు. ప్రతి బ్యాచికీ మొదటి రోజు చెప్పేది ఒకటే: చదివిన పుస్తకం తీసినచోటే పెట్టాలి. మిగతా లైబ్రరీల్లో చదివినవి బల్ల మీదే వదిలేయమంటారు. సిబ్బంది ఎన్ని చదివారో లెక్క రాసుకుని సర్దుతారు. ఈయన రీడింగ్ హాల్లో మాత్రం చదివినవాళ్ళే సర్దేవారు. సాయంత్రానికి బల్లలు అద్దాల్లా ఉండేవి. చూసినవాళ్ళు మెచ్చుకుంటే నేనూ పొంగిపోయేదాన్ని.

లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ హాల్లో పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. పదేళ్ళలో ఎన్ని చదివారని నెల కిందట కాలేజీ కమిటీ అడిగింది. చూపించడానికి ఒక్క కాగితం లేదు. పదకొండు వేల పుస్తకాలు తుక్కుకు పంపి, హాలును మీటింగులకు వాడాలని తేల్చారు. లైబ్రేరియన్ సంతకం ఒక్కటే మిగిలింది.

కత్తి సర్దేసిన రోజు మధ్యాహ్నం ఆ పుస్తకాల జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చిన కాలేజీ ఆఫీసరు ఈయన దగ్గర చదువుకున్న పిల్లే.

"ఏ మూల ఏ రిజిస్టరున్నా ఇవ్వండి సార్. నేను పోట్లాడతాను."

"రోజూ పాతికమంది చదివేవారమ్మా. కిటికీ పక్క కుర్చీ నీదే కదా."

"నాదే సార్. చదివి, మీరు చెప్పినట్టే తీసినచోట పెట్టేదాన్ని." ఆమె తల దించుకుంది. "రేపటికి మీరు పెట్టకపోతే ఆ సంతకం నన్ను పెట్టమన్నారు."

నేనిచ్చిన టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి ఊరుకోలేదు. "నువ్వు పెట్టకు నాన్నా. ఏం చేస్తారో చూద్దాం."

"ఏం చేస్తారు? ఆ పిల్ల చేత పెట్టిస్తారు."

"పెట్టనీ. నీ చేతికి మసి అంటదు."

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు, ముద్ద ఎత్తలేదు.

"ఆ పిల్ల నేను నేర్పినట్టే చేసింది. రేపు పొద్దున్నే వెళ్ళి నేనే పెట్టేస్తాను."

"మరి మీ కోర్సో?" అన్నాను.

"అదీ ఆపేయమని రాసిస్తాను. ఇంకో బ్యాచికి ఈ పాఠం చెప్పలేను."