కునుకు తీసే ప్రోగ్రాం

అక్కకు ఫొటో పుస్తకాలు అచ్చువేసే షాపుంది. చెల్లెలికి ప్రోగ్రాంలు రాయడం వచ్చు. పంతం మాత్రం ఇద్దరికీ సమానంగానే ఉంది.

ఆ సాయంత్రం అక్క కూతురు స్కూల్లో నాటకం వేస్తోంది. షాపు పెట్టినప్పటి నుంచి పిల్ల ఆటపాటలు ఒక్కటీ అక్క చూసిన పాపాన పోలేదు. ఫొటోలను పేజీలుగా పేర్చే సాఫ్ట్‌వేర్ పని ముగించేదాకా కాచుకుని కూర్చుని, అప్పుడు ప్రింటరు బటన్ నొక్కాలి. ఈసారి ఆ కాపలా తన ప్రోగ్రాం కాస్తుందని చెల్లెలు మాటిచ్చింది.

మాటివ్వడానికేం, ఎవరైనా ఇస్తారు. మధ్యాహ్నం వేసిన పెద్ద పుస్తకంలో చివరి పేజీలన్నీ తెల్లగా వచ్చాయి. ప్రోగ్రాం ఆ సాఫ్ట్‌వేర్‌ను పనికి పురమాయించి, అర నిమిషం కునుకు తీసి, లేవగానే ఉన్న పేజీలను ఉన్నట్టు ప్రింటరుకు తోసేసింది. చెల్లెలు కునుకును నిమిషానికి పెంచింది. మళ్లీ అదే గతి. ఇంకా పెంచితే పెద్ద పుస్తకం గట్టెక్కింది గాని, చిన్నది ఎప్పుడో తయారైనా ప్రింటరు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. రేపు ఇంకా పెద్దదొస్తే మళ్లీ మొదటికే.

"పోనీలేవే, ఎవరైనా వీడియో తీస్తే చూస్తాలే," అంది అక్క.

ఆ మాటకు చెల్లెలి ప్రాణం ఉసూరుమంది.

అంతలో కాగితం పార్సిల్ తెచ్చే అతను అక్కకు ఫోన్ చేశాడు. అక్క అసలే చిరాకులో ఉంది.

"ఐదు నిమిషాలంటే నమ్మి ఎండలో నిలబడాలా బాబూ? గేటు దగ్గరికొచ్చాక చెయ్యి, అప్పుడే దిగుతా. కాగితం నలిగుంటే మాత్రం దించుకోను, ముందే చెప్తున్నా!"

చెల్లెలు నాలుక కరుచుకుంది. ఎంతసేపు పడుతుందో ఊహించడమే తన తప్పు. సాఫ్ట్‌వేర్ పని ముగించి తప్పుకోగానే ఆ కబురు కంప్యూటరే చెబుతుంది. సవ్యంగా ముగించిందో, మధ్యలో చతికిలబడిందో కూడా చెబుతుంది. అడిగేవాళ్లుండాలి, అంతే. కునుకు లైను కొట్టేసి, ఆ కబురు వచ్చేదాకా ప్రోగ్రాం కదలకుండా ఉండేలా రాసింది. పని సవ్యంగా ముగియకపోతే ప్రింటరు జోలికి పోవద్దని కూడా రాసింది.

అక్క కాగితం పార్సిల్ దించుకుని పైకొచ్చేసరికి, ఈసారి పెద్ద పుస్తకం చివరి పేజీ దాకా నిండుగా వచ్చింది. చిన్నదీ తయారవగానే వచ్చేసింది. అక్క తిరగేసి, మళ్లీ తిరగేసి, చెప్పులు వేసుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఇంకా ఏంటక్కా? నేను కూర్చుని చూస్తాగా, నువ్వెళ్లు."

"నువ్వు కూర్చుని చూడాల్సొస్తే ఇంక నీ ప్రోగ్రాం దేనికే? లే, నువ్వూ రా."

చెల్లెలు లేచింది. మిగిలిన పుస్తకాలను ప్రోగ్రాంకు అప్పగించి, షాపుకు తాళం వేసింది. తాళం ఒకసారి లాగి చూసి, సంతోషంగా అక్క వెంట నడిచింది.

స్టేజీ మీద పిల్ల తను చెప్పాల్సిన మాట మరిచిపోయి బిక్కమొహం వేసింది. జనంలో వెతుకుతూ వెతుకుతూ తల్లిని చూసింది. నాటకం సంగతి వదిలేసి, "అమ్మొచ్చింది!" అని పక్కవాళ్లకు గట్టిగా చెప్పింది.