బువా

క్రాస్‌రోడ్డు దగ్గర జనం గుమిగూడి ఉండడం సువర్ణ చూసింది. అంగన్‌వాడీకి తాళం వేసి తండాకు బయలుదేరిన మనిషి, యాక్సిడెంటేమోనని అటు పరుగెత్తింది.

కరెంటు స్తంభానికి ఒకతన్ని అదిమి నిలబెట్టారు. పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారుతోంది. సువర్ణ మరిది జగదీష్, ఆటో పక్కన వదిలేసి, అతని కాలరు పట్టుకుని ఉన్నాడు. ఒకావిడ చేతుల్లో చిన్న పాప గింజుకుని ఏడుస్తోంది.

"పిల్లల్ని ఎత్తుకపోయేటోడు వదినా," అన్నాడు జగదీష్. "ఫోన్లల్ల వస్తనే ఉన్నయి గద. పిల్లని భుజాన ఏసుకుని ఉరుక్కుంట వచ్చిండు. అడిగితే తెలుగు ఒక్క ముక్క రాదు. హిందీ గూడ కాదు, ఏం భాషనో ఏందో."

"పోలీసోళ్లకు చెప్పిన్రా?"

"చెప్పినం. వస్తమన్నరు."

ఆలోగా కొందరు తుప్పల్లోంచి కర్రలు విరుస్తున్నారు. అతను నోరు తెరిచి ఏదో చెప్పబోయినప్పుడల్లా జనం అరుపుల్లో అది మునిగిపోతోంది. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"బువా... బువా..." పాప వెక్కిళ్లు పెడుతోంది.

"చూడున్రి, బువ్వ అడుగుతంది," అంది ఎత్తుకున్నావిడ. "మన తెలుగు పిల్లనే ఇది."

ఆ మాటతో వెనకనుంచి ఎవరో అతని చెంప మీద కొట్టారు.

సువర్ణ పాపను తన చేతుల్లోకి తీసుకుంది. ఒళ్లు కాలిపోతోంది. సంచిలోంచి బిస్కెట్ తీసి నోటికి అందించింది. పాప దాన్ని తోసేసింది. స్తంభం వైపు రెండు చేతులూ చాచి మళ్లీ "బువా" అంది.

సువర్ణ ఆగిపోయింది. తండా పిల్లలు అంగన్‌వాడీకి కొత్తగా వచ్చినప్పుడు యాడి కావాలని, బా కావాలని ఏడుస్తారు. అమ్మా నాన్నా అనే మాటలు వాళ్లు తరవాత నేర్చుకుంటారు.

"ఆకలి కాదు జగదీష్. ఆయననే పిలుస్తంది."

"బువ్వంటే అన్నమే గద వదినా."

"మనూళ్లె అన్నం. మనింట్ల 'బా' అంటే బయటోళ్లకు ఏం సమజయితది?"

"మందు పెట్టి మచ్చిక చేసుకుంటరట," అన్నాడు కర్ర పట్టుకున్న ఒకతను, అడ్డం నిలబడి.

సువర్ణ అతని చేతిలోని కర్ర చూసింది. ఆ కర్ర తన మీదికీ రావచ్చు. "జరుగు," అంది.  అతన్ని దాటుకుని నడిచి పాపను స్తంభం దగ్గరి మనిషికి అందించింది. పాప అతని మెడలో ముఖం దాచుకుని ఏడుపు ఆపేసింది. జగదీష్ చెయ్యి కాలరు మీది నుంచి జారింది.

తరవాత పోలీసులు వచ్చారు. ఫోన్లు చేసి కనుక్కున్నారు. సత్తుపల్లి వైపు ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన మనిషి, పేరు నిరంజన్. వాళ్ల వైపు నాన్నను బువా అంటారు. బిడ్డకు జ్వరం ముదిరితే దవాఖానాకు బయలుదేరాడు. జనం ఒక్కొక్కరే ఎటువాళ్లు అటు సర్దుకున్నారు.

దవాఖానాకు తీసుకెళ్దామని జగదీష్ ఆటో స్టార్ట్ చేస్తే నిరంజన్ ఎక్కలేదు. సువర్ణ ముందు ఎక్కి కూర్చుంటే, చాలాసేపటికి అంచున కూర్చున్నాడు. కొత్తగూడెం దాకా అడవిలో ఆటో నెమ్మదించిన ప్రతి మలుపులోనూ పాపను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఏ భాషలో ఏం చెప్పాలో తెలియక జగదీష్ అద్దంలో చూడడం మానేశాడు.

దవాఖానాలో మలేరియా అన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. పాపకు సెలైన్ ఎక్కుతుండగా సువర్ణ ఫోన్ మోగింది. తండా గ్రూపులో ఆ వీడియో వచ్చింది. నిరంజన్ ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. కింద 'దొంగ దొరికిండు' అని రాశారు. అప్పటికే చుట్టుపక్కల ఊళ్లకు పాకిపోయింది.

"రేపు ఈయన బిడ్డను తీస్కొని ఇదే రోడ్డున పోవాలె," అంది సువర్ణ.

 జగదీష్ తన ఫోన్ ఆమెకిచ్చాడు. "వీడియో తీయ్ వదినా. నేను మాట్లాడుత. కొట్టింది నేనే, ఆయన దొంగ కాదు, బిడ్డ తండ్రి అని చెప్త."

చెప్పాడు. సువర్ణ దాన్ని తెలిసిన ప్రతి గ్రూపుకూ పంపింది. ఎవరు చూస్తారో, ఎవరు నమ్ముతారో తెలియదు. ఆమె ఇంటికి ఫోన్ చేసి, పాపను బట్టీ దాకా దిగబెట్టేంతవరకూ రానని చెప్పింది.