రెయిలింగ్ మీద చెయ్యి

ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఎవరూ లేరు.

ఆ భవనంలో నాలుగో అంతస్తులో ఒక లిఫ్టు మెకానిక్ కాపురం ఉంటాడు. అతను టార్చి పట్టుకుని కిందికి దిగి, తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. పనిచేసే చోట తోటివాళ్లు "జ్వరం చూస్తున్నాడ్రా" అని నవ్వుతారు. అయినా అలా చెయ్యి పెట్టకుండా అతను పనిముట్ల సంచీ తెరవడు. తలుపు స్విచ్చి అరిగిపోయింది. కొత్తది కావాలంటే రేపు షాపు తెరవాలి. లిఫ్టు మెయిన్ స్విచ్చి ఆపేసి, పైకి బయల్దేరాడు.

"దీపం కింద చీకటంటే ఇదే" అన్నాడు భవనం గుమ్మంలో ఎదురైన ఐదో అంతస్తు గడియారాల మేస్త్రీ.

"మీ ఇంట్లో గోడ గడియారం నడుస్తోందా మేస్త్రీ గారూ?"

మేస్త్రీ గొడుగు చంకన పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

మెకానిక్ ఇల్లు చేరేసరికి అతని కూతురు మెట్ల దగ్గర చాప పరిచేసింది. పదేళ్ల పిల్ల. క్షణం కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. లిఫ్టు ఆగితే ఆ ఇంట్లో ఒక ఆట ఆడతారు. మెట్లకు వీపు పెట్టి కూర్చోవాలి. కింద నుంచి ఎవరో ఎక్కుతుంటారు. మూడో అంతస్తు మలుపు దాటేలోపు ఆ వచ్చేదెవరో చెప్పాలి. గెలిచినవాళ్లకు రాత్రి ప్లేట్లు కడిగే పని తప్పుతుంది. మెకానిక్ చిన్నప్పుడు అతని తల్లి మొదలుపెట్టిన ఆట ఇది. ఆవిడ మగ్గాల మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. బొమ్మలు కొనే రోజులు కావు. షిఫ్టు దిగి వచ్చి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని మెట్ల మీద ఈ ఆట ఆడించేది.

"లిఫ్టు చెడితే మీ అమ్మగారికి పండగే. ఇంతవరకు ఒక్కసారీ ప్లేట్లు కడగలేదు" అంది కోడలు, చాప మీద చోటు చేసుకుంటూ. ఆమె బట్టలు సరిచేసే షాపులో దర్జీ.

"గెలిచి కూర్చున్నానమ్మాయ్, ఊరికే కాదు" అంది అత్తగారు. ఎప్పటిలాగే రెయిలింగ్ పక్కన కూర్చుంది. నడుముకు ఆసరాగా ఉంటుందని చెప్పేది.

కోడలు ఆ రోజు ఆటకు కూర్చోవడానికి వేరే కారణం ఉంది. పది రోజులుగా ఆమెకు ఒక అనుమానం. వెనక నుంచి "అత్తయ్యా, పాలు చూడండి" అని మూడుసార్లు పిలిచింది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. గురువారం వీధి మలుపు దగ్గర పళ్లమ్మే ఆమె ఆపి చెప్పింది: "మీ అత్తగారు హారన్ కొట్టినా తిరిగి చూడలేదమ్మా." రోజూ పొద్దున పిచ్చుకను బడికి తీసుకెళ్లేది అత్తగారే. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. ఆ పని మాన్పించాలని కోడలు దాదాపు నిర్ణయించుకుంది. నోరు రాలేదు. మిల్లు మానేసిన రోజు ఆవిడ అన్న మాట గుర్తుంది: "ఇక నాకు మిగిలిన డ్యూటీ పిల్లను బడికి చేర్చడం ఒక్కటే."

అడుగులు వినిపించాయి. పిచ్చుక నోరు తెరిచేలోపే అత్తగారు చెప్పింది.

"ఎదురింటి మాస్టారు. ఎడమ చెప్పు తెగింది."

మాస్టారు పైకొచ్చాడు. ఎడమ చెప్పును ఈడ్చుకుంటూ వచ్చాడు.

"నా చెప్పుల సంగతి కూడా పేపర్లో వేయించండమ్మా" అని తలుపు తీసుకుని లోపలికి పోయాడు.

నాలుగున్నరకు కింద నుంచి ఎవరో పిలిస్తే మెకానిక్ దిగి వెళ్లాడు. కాసేపటికి బరువైన అడుగులు పైకి రావడం మొదలైంది.

"బేకరీ అంకుల్! పిండి బస్తా!" అంది పిచ్చుక.

"కాదు, మీ నాన్న. బరువు కుడి భుజం మీద ఉంది. నీళ్లు" అంది అత్తగారు.

మెకానిక్ కుడి భుజం మీద ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాతో మలుపు తిరిగాడు. ఐదో అంతస్తులో ఉండే ఆసుపత్రి నర్సమ్మ కోసం ఎవరో కింద వదిలి వెళ్లిన డబ్బా అది.

"నీళ్లని ఎలా తెలిసింది నానమ్మా?"

"అడుగు పడ్డాక ఇంకో చిన్న కుదుపు. నీళ్లు ఊరుకోవు, ఊగుతాయి."

కోడలు అత్తగారి చెయ్యి చూసింది. ఎడమ అరచెయ్యి రెయిలింగ్ మీద పరిచి ఉంది. ఇనుప రెయిలింగ్ కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఒకటే.

కోడలు లేచి ఇంట్లోకి వెళ్లి ఒక ఊలు చిలప, పొడుగాటి పోగుల చుట్ట, తెచ్చింది. షాపులో పాత స్వెట్టర్ విప్పితే వచ్చింది. ఉండ చుట్టాలి.

"రెండు చేతులూ ఇటివ్వండి అత్తయ్యా."

అత్తగారు రెండు చేతులూ చాచింది. కోడలు చిలపను వాటికి తొడిగి చుట్టడం మొదలుపెట్టింది. మెకానిక్ డబ్బా పైన పెట్టి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ అడుగులు. నెమ్మదిగా, ప్రతి మలుపు దగ్గరా ఆగుతున్నాయి. వచ్చేదెవరో కోడలికి కూడా తెలిసిపోయింది. ఆమె ఊలు చుడుతూనే అత్తగారిని గమనించింది. అత్తగారు ఊలు వంకే చూస్తోంది.

అప్పుడు పిచ్చుక వేళ్లు నానమ్మ మోకాలి మీదికి వెళ్లాయి. రెండుసార్లు నొక్కాయి.

అత్తగారు తలెత్తింది. "నర్సమ్మ. డ్యూటీ దిగి వస్తోంది."

"గడియారాల మేస్త్రీ!" అన్నాడు మెకానిక్. "మలుపు మలుపుకీ ఆగి కీ ఇచ్చుకుంటున్నాడు, వినపడట్లా?"

మేస్త్రీ మలుపు తిరిగాడు. మెకానిక్ చప్పట్లు కొట్టాడు. "ఓడిపోయావమ్మా! ముప్పై ఏళ్లలో మొదటిసారి. ప్లేట్లు నీవే!"

మిగతా ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ నలుగురినీ చూసి, ఇంట్లో పనుందని పైకి పోయాడు.

"మోకాలి మీద ఆ నొక్కుడేంటే?" అంది కోడలు.

"ఏం లేదు" అంది పిచ్చుక. నానమ్మ వీపు చాటుకు జరిగింది.

అత్తగారు చిలపను చేతుల్లోంచి తీసి, చిక్కు పడకుండా కోడలి చేతులకు తొడిగింది.

"నా కొలత తీసుకున్నావా అమ్మాయ్?"

కోడలు తల దించుకుంది.

"తలెత్తి మాట్లాడు. నీ పెదాలు కనపడకపోతే నాకేం తెలుస్తుంది?"

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. "అమ్మా?"

"చెవులు మిల్లులోనే వదిలేశానురా. ఒక షెడ్డులో నలభై మగ్గాలు. అక్కడ ఎవరికి ఎవరి మాట వినపడేది? పెదాలు చూసుకునే మాట్లాడుకునేవాళ్లం. మగ్గం ఫ్రేము మీద చెయ్యి పెడితే, పోగు తెగే ముందే తెలిసేది. ఆ వణుకు మారుతుంది." ఆవిడ చెయ్యి మళ్లీ రెయిలింగ్ మీదికి వెళ్లింది. "మొదట్లో కొంచెం వినపడేది. గత ఏడాది నుంచి అదీ లేదు."

మెకానిక్ తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "తలుపు మీద చెయ్యి పెట్టడం నేనే కనిపెట్టాననుకున్నాను."

"ఏడేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని, నా చెయ్యి మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నావు. పెద్ద కనిపెట్టావు."

కోడలు కూతురి వైపు తిరిగింది. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఎనిమిది నెలల నుంచి" అంది పిచ్చుక. "కుడి నుంచి బండి వస్తే చెయ్యి ఒకసారి నొక్కుతా. ఎడమ నుంచి వస్తే రెండుసార్లు. మెట్లు నానమ్మకు ఎడమ వెనకే కదా, అందుకే రెండు నొక్కా. ఎవరు వస్తున్నారో చెప్పడానికి నొక్కుళ్లు లేవమ్మా, లేకపోతే గెలిచేది."

"అంటే బడికి ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారే?"

పిచ్చుక ఆలోచించింది. "రోడ్డు నేను దాటిస్తా. మిగతాదంతా నానమ్మే. ఒకసారి నిచ్చెన పట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడిని నేను చూడలేదు, నానమ్మే నన్ను పక్కకు లాగింది."

అత్తగారు కోడలి పెదాల వంక చూస్తూ కూర్చుంది. బడి సంగతి తేల్చి చెప్పేది కోడలే అని ఆవిడకు తెలుసు. కోడలికీ తెలుసు.

"బుధవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యా" అంది కోడలు, ఒక్కో మాటా విడదీసి. "రేపు మీ వెనకాల నేనూ వస్తాను. దగ్గరికి రాను. చూస్తాను. చూశాకే మాట్లాడుకుందాం."

"చూడు" అంది అత్తగారు. "బాగా చూడు."

కోడలు లోపలికి వెళ్లి దూది తెచ్చింది. కోట్ల భుజాల్లో పెట్టే దూది. తను చెవుల్లో పెట్టుకుని, భర్తకూ కూతురికీ ఇచ్చింది. ముగ్గురూ వరసగా రెయిలింగ్ మీద చేతులు పెట్టారు. కోడలి అరచేతికి కాసేపటి దాకా చల్లని ఇనుమే తెలిసింది. తరవాత సన్నగా ఏదో కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"నర్సమ్మా?" అని అరిచాడు మెకానిక్. చెవుల్లో దూది ఉండటం వల్ల ఎంత గట్టిగా అరిచాడో అతనికి తెలియలేదు.

"బేకరీ అంకుల్!" అని ఇంకా గట్టిగా అరిచింది పిచ్చుక.

కోడలు అత్తగారిని చూసి, తెలియదన్నట్టు తలూపింది.

"మేస్త్రీ" అంది అత్తగారు. "ఎక్కడం లేదు. దిగుతున్నాడు."

గడియారాల మేస్త్రీ పై మెట్ల నుంచి దిగి వాళ్ల ముందు నిలబడ్డాడు. ఎదురింటి మాస్టారు తలుపు తీసి తొంగి చూశాడు. మేస్త్రీ ఏదో అడిగాడు. ముగ్గురిలో ఎవరికీ వినపడలేదు. అత్తగారే జవాబు చెప్పింది: "గొడవేం కాదయ్యా, ఆట. కూర్చో, నీకూ దూది ఇస్తాం."

ఏడు గంటల దాకా ఆడారు. అత్తగారు పదకొండుసార్లు చెప్పింది. పదకొండూ సరిపోయాయి. ఆ రాత్రి ప్లేట్లు మెకానిక్ కడిగాడు.

సోమవారం ఉదయం ఎనిమిదీ ఐదుకు అత్తగారు, పిచ్చుక మెట్లు దిగి బయల్దేరారు. కోడలు ముప్పై అడుగుల వెనక నడిచింది. పెద్ద రోడ్డు దగ్గర ఇద్దరూ ఆగారు. పిచ్చుక నానమ్మ చెయ్యి రెండుసార్లు నొక్కింది. ఎడమ నుంచి పాల వ్యాను వచ్చింది, వెళ్లింది. అత్తగారు కుడికి చూసింది, ఎడమకు చూసింది, పిచ్చుక భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ రోడ్డు దాటారు.

కోడలు ఇవతలే ఆగి, తను పనిచేసే షాపు వైపు తిరిగింది.