కిందిగేరికి నీళ్లు

కృష్ణ, తుంగభద్ర రెండూ పొంగి ఊళ్లను ముంచిన ఏడాది ఖాజా మియా పంచాయతీ పనిలో చేరాడు. పైపుల నిండా ఒండ్రు చేరితే తీయడానికి పది దినాల కోసమని పిలిచారు. ఇప్పుడు చెప్పేది ఆ వరదకు పద్నాలుగో ఏట, వానాకాలం మొదట్లో జరిగింది. ఆ పది దినాలు అప్పటికి ఇంకా అయిపోలేదు.

నాలుగింటికి లేచాడు. లేవాల్సిన పని లేదు. మండలంలోని పంచాయతీ పనోళ్లంతా సమ్మెకు దిగి అది పన్నెండో దినం. అయినా మెలకువ వచ్చింది. కాళ్లు చీకట్లోనే చెప్పులు వెతుక్కున్నాయి. ఇనుము చప్పుడు విని భార్య షాహెదా పక్క మీద నుంచే అడిగింది.

"యాడికి?"

"ఊకెనే."

"ఊకెనే పోయేటోనికి భుజమ్మీద చావి ఎందుకు?"

చూసుకున్నాడు. చావి నిజంగానే భుజం మీద ఉంది. నడుమెత్తు ఇనుప కడ్డీ అది. పైన పట్టుకుని తిప్పడానికి అడ్డ కడ్డీ, కింద వాల్వు తలకు తొడిగే నాలుగు మూలల గుంట. పద్నాలుగేండ్లు దాన్ని మోసి అతని కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. చొక్కా కుట్టించుకుంటే దర్జీ కూడా తప్పు కొలిచాననుకుని మళ్లీ కొలిచేవాడు. చావిని గోడకు ఆనించి వట్టి చేతులతో బయటికి నడిచాడు.

ట్యాంకు కింద వాల్వుల గుంత ఉంది. ఆ ఊళ్లో వీధిని గేరి అంటారు. అయిదు గేరీలు, అయిదు వాల్వులు. నడిగేరిది ఇరవై రెండు చుట్లు తిప్పాలి. బడిగేరిది పదహారు. కిందిగేరిదొక్కటే ఎడమకు తిరుగుతుంది. ఏ మేస్త్రీ ఎట్లా బిగించాడో ఎవరికీ తెలియదు. తెలియనివాడు దాన్ని కుడికి తిప్పితే విరిగి చేతికొస్తుంది. ఇవన్నీ ఏ కాగితం మీదా లేవు. ఖాజా మియా మూడో తరగతి దాకా చదివాడు. చుట్లు లెక్క పెట్టడానికి ఆ చదువు చాలింది.

గుంత దగ్గరున్న నల్లా కాడ నలుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. నీళ్లు రావని తెలిసీ కూర్చున్నారు. అతన్ని చూసి జానకమ్మ లేచింది.

"వచ్చిండమ్మా పెండ్లికొడుకు, ఉత్త చేతులు ఊపుకుంట!"

మిగతా వాళ్లు నవ్వారు. ఖాజా మియా కూడా కొంచెం నవ్వాడు.

"బోరింగు కొట్టి కొట్టి నా రెక్కలు పడిపోయినయి ఖాజా. నీకు జర అన్న దయ లేదా?"

"మీ మీద కోపం కాదు వదినా. సమ్మె సర్కారు మీద."

"సర్కారుకు నీళ్లు బందయినయా? నాకయినయి."

ఖాజా మియా గుంత మీది షాబాదు బండ పక్కన కాసేపు నిలబడ్డాడు. బండ కింద కప్ప అరుస్తోంది. తెల్లగా వెలుతురు వచ్చేదాకా ఉండి, ఇంటికి తిరిగి వచ్చాడు.

సమ్మె మల్లన్న వల్ల మొదలైంది. ఆ ఊరి పంచాయతీలో పని చేసేది ముగ్గురు. నీళ్లకు ఖాజా మియా, ఊడ్చేందుకు రుక్కమ్మ, చెత్త ట్రాక్టరుకు మల్లన్న. రెండేండ్ల కింద పైనుంచి కాగితం వచ్చింది. ఇక మీద ఎవరి పని ఎవరిదని లేదు, చెప్పిన పని చెప్పినవాడు చేయాలని. ఆ లెక్కన ట్రాక్టరు నడిపే మల్లన్నను బల్బు మార్చడానికి కరెంటు స్తంభం ఎక్కించారు. కరెంటు బంద్ చేశామన్నారు. అతను పైన ఉండగానే వచ్చింది. నడుము విరిగి కింద పడ్డాడు. పట్నం దవాఖానలో నెల ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకుపోండన్నారు. పని తెలియనివాళ్లను స్తంభం ఎక్కించొద్దు, మల్లన్న పని అతని భార్య లలితమ్మకు ఇవ్వాలి. మండలం పనోళ్లు అడిగింది ఈ రెండే.

రోజూ పొద్దున బస్సులో మండలానికి పోయి టెంటు కింద కూర్చునేవారు. ఆ రోజు మల్లన్నకు బాగాలేదని తెలిసి ఖాజా మియా, రుక్కమ్మ ఊళ్లోనే ఆగారు.

తొమ్మిదింటికి పంచాయతీ సెక్రటరీ జితేందర్ ఖాజా మియా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. బండి దిగకుండానే రెండు కాగితాలు తీసి, ఒకటి ఖాజా మియాకు, ఒకటి అరుగు మీద కూర్చున్న రుక్కమ్మకు ఇచ్చాడు.

"ఏముంది సారూ ఇందుల?" అని రుక్కమ్మ అడిగింది.

"సాయంత్రం లోపల పనిల చేరకుంటే తీసేస్తరని ఉంది. నీళ్లు, సఫాయి అత్యవసర పనులు. అవి చేసేటోళ్లకు సమ్మె చేసే హక్కు లేదని రాసిన్రు."

"అబ్బో!" రుక్కమ్మ కాగితాన్ని తిరగేసి కూడా చూసింది. "మేము గంత అవసరమా? ఇన్నేండ్లు మాకే తెల్వకపాయె. గట్లయితే మమ్మల్ని పర్మినెంటు చేసిన కాగితం యాడుంది సారూ? అది కూడ ఇచ్చిపో."

జితేందర్ తల వంచుకున్నాడు. "నా నౌకరే పక్కా కాలేదక్కా. పనిల చేరిన్రని ఊరికి ఒక్క పేరన్న పంపకుంటే నా మీదికొస్తది. ఖాజా చాచా, నువ్వన్న చెప్పు."

ఖాజా మియా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పని చేయమంటే చేసే హక్కుంది, వద్దనే హక్కు లేదు. గిదేం లెక్క బేటా?"

జితేందర్ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. లోపల నుంచి షాహెదా అంతా విన్నది. జొన్నరొట్టె కంచంలో పెట్టి, అతని చేతి మీద చేయి వేసి నిమిషం సేపు అట్లాగే ఉంచింది. ఆమెకు వచ్చే నెల కంటి ఆపరేషను ఉంది. అతను పనిలో ఉంటేనే దవాఖాన కార్డు మీద పైసలు లేకుండా చేస్తారు. ఆ మాట ఆమె అనలేదు. అతను సగం రొట్టె కంచంలోనే వదిలి లేచాడు.

పగలు రెండింటికి కిందిగేరికి పోయాడు. మల్లన్న నులక మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ట్రాక్టరు మీద నిలబడి పాటలు పాడే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"మియా, నీళ్లు వదిలినవా?"

"లేదు."

"లలితకు పనిస్తమన్నరా?"

"ఇంక అనలే."

"అనేదాక ఆగున్రి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు పోతే అందరు పోతరు. నువ్వు పెద్దోనివి."

"నేను పోను."

లలితమ్మ చెంచాతో నీళ్లు పోసింది. సగం దిండు మీద పడ్డాయి. ఖాజా మియా తన తువ్వాలతో దిండు తుడిచి లేచాడు.

ఇంటికి వచ్చి, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, సాయంత్రపు అసర్ నమాజుకు చాప పరుస్తున్నాడు. కిందిగేరి వైపు సావు డప్పు మోగింది.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో సావైనా, ఏ వేళైనా, ఆ గేరికి నీళ్లు వదలాలి. శవానికి స్నానం చేయించడానికి, వచ్చిన వాళ్లు కాళ్లు కడుక్కోవడానికి. దుఃఖంలో ఉన్నవాళ్లు వచ్చి పిలవరు. నీళ్లాయనే డప్పు విని పోవాలి. ఖాజా మియాకు ముందున్నవాళ్లూ అట్లాగే పోయారు.

అతను చావి తీసుకున్నది ఎప్పుడో అతనికే గుర్తులేదు. గుంత మీది బండ జరిపి, మోకాళ్ల మీద వంగి, కిందిగేరి వాల్వుకు చావి తొడిగి ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. పన్నెండు దినాలకే బిగిసిపోయింది. ఒకటి. రెండు. మూడో చుట్టుకు పైపులో గాలి గురకపెట్టింది. అయిదుకు నీళ్లు కదిలాయి. తొమ్మిదో చుట్టు తిప్పుతుండగా వెనక బండి ఆగింది.

"ఖాజా చాచా, జర ఇటు సూడు."

అతను తలెత్తి చూశాడు.

రెండేండ్లుగా ప్రతి పొద్దునా అదే మాట, అదే గొంతు. పని చేస్తుండగా ముఖం కనబడేటట్టు ఫోటో తీసి ఫోనులో పంపితేనే హాజరు. ఆ మాట వినగానే మెడ దానంతట అది తిరగడం నేర్చుకుంది. ఫోను చిన్నగా టిక్కుమన్నది. అప్పుడు తెలిసింది అతనికి.

"అది హాజరు కాదు బేటా. సావు నీళ్లు."

"నాకు తెల్సు చాచా." జితేందర్ తల ఎత్తలేదు. ఫోనులోనే ఏదో నొక్కుతున్నాడు. "ఒక్క పేరు పంపాలె. ఇది నీకు కూడ మంచిదే. నౌకరి ఉంటది."

"ఆ ఫోటో తీసెయ్యి."

"పోయింది చాచా. పోయినంక తిరిగి రాదు."

ఇంకా రెండు చుట్లు మిగిలి ఉన్నాయి. ఖాజా మియా ఆ రెండూ తిప్పాడు. తిప్పకుంటే నీళ్లు గేరి చివర దాకా పోవు. మల్లన్న ఇల్లు చివర ఉంది.

పొద్దు గూకకముందే మల్లన్నను బొంద పెట్టారు. ఖాజా మియా మూడు పిడికిళ్ల మన్ను వేశాడు. తిరిగొచ్చే తొవ్వలో రుక్కమ్మ అతని పక్కన నడిచింది. చేతిలో ఫోను పట్టుకుంది. అందులో అతని ఫోటో. మోకాళ్ల మీద వంగి, తలెత్తి, ఎవరో మంచి మాట అన్నట్టు చూస్తున్నాడు. మండలం ఆఫీసు వాళ్లు పనోళ్లందరి ఫోన్లకు అది పంపించారు. సీనియర్ చేరాడు, మీరూ చేరండి అని కింద రాశారు.

"నేను అందరికి చెప్పిన అన్నా. సావు నీళ్లని. ఫోన్ల పెట్టిన, నోటితోని చెప్పిన." ఆమె ఆగింది. "ఇన్నరు. ఇని కూడ పోతమంటున్నరు. ఎప్పుడు సందు దొరుకుతదా అని చూస్తున్నరేమో. వాళ్లనేమంటం? అందరికి పిల్లలున్నరు."

"నువ్వు?"

"నేను కూడ పోతనన్నా. ఒక్కదాన్ని ఏం చేస్త?"

ఆమె గొంతులో నింద లేదు. అది ఉంటే బాగుండేదనుకున్నాడు. లలితమ్మ ముఖం చూడలేక కిందిగేరిలోకి తిరగకుండా పొలం గట్టు మీదుగా ఇంటికి పోయాడు.

షాహెదా అన్నం పెట్టింది. "నౌకరి ఉన్నదంట గద," అన్నది.

"ఉన్నది."

"మరి?"

"రేపు నీళ్లు వదిలితే ఉంటది. వదలకుంటే చేరి మానేసినట్టు. మళ్ల తీసుకోరు."

ఆమె మసక కళ్లతో అతని వైపు చూసింది. అతను ఎక్కడ కూర్చున్నాడో ఆమెకు సరిగా కనబడదు. గొంతు వచ్చిన వైపు చూసింది. "నీ ఇష్టం," అన్నది.

మర్నాడు కూడా నాలుగింటికే లేచాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మొదటి బస్సెక్కి మండలంలో దిగాడు. అప్పటికి ఊళ్లో ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ఉంటారు.

టెంటు ఇంకా తీయలేదు. కింద చాపలు చుట్టి ఒక మూలకు వేసి ఉన్నాయి. ఒకదాన్ని పరుచుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వెనక ఏ వరసా లేదు. హోటలు వాళ్లు చూశారు, ఆటోల వాళ్లు చూశారు. ఎనిమిదయింది. జేబులో ఫోను మోగింది. జితేందర్. అది ఆగేదాకా విన్నాడు. మళ్లీ మోగింది. మళ్లీ విన్నాడు. పదయినా ఎవరూ రాలేదు.

లేచి నిలబడ్డాడు. టెంటు గుంజకు పిల్లల పలక ఒకటి పురికొసతో కట్టి ఉంది. సమ్మె ఎన్నో దినమో దాని మీద సుద్దముక్కతో రాస్తూ వచ్చారు. నిన్నటి పన్నెండు అట్లాగే ఉంది. బొటనవేలు నాలికకు తాకించి అందులో రెండు అంకెను తుడిచాడు. కింద మన్నులో గోరంత సుద్దముక్క దొరికింది. నిదానంగా రాసి, వచ్చి చాప మీద కూర్చున్నాడు.

గాలికి పలక అటు తిరిగి ఇటు తిరిగింది. మూడు అంకె చుట్టూ తడి ఇంకా ఆరలేదు.