జేగురు కొంగలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి కాపురానికి వచ్చిన సౌభాగ్యకి మొగుడి కంటే ముందు మచ్చికైంది క్వార్టరు ముందున్న నిద్రగన్నేరు చెట్టే. విశాఖలో బొమ్మలు వేయడం చదువుకున్న పిల్ల. పొద్దున్నే టీ గ్లాసుతో గడప మీద చేరేది. కొమ్మల నిండా కొంగల గూళ్లు. పిల్లలు నోళ్లు తెరిచి తల్లుల మీద అరుస్తుంటే ఒక్కతే నవ్వుకునేది. ఆకుల మీది బొగ్గు దుమ్ముని తడిగుడ్డతో తుడిచి, ఆ నలుపుతోనే వాటి బొమ్మలు వేసేది.

"తెల్లటి కొంగలకి మసి పూస్తన్నావేటమ్మా?" అంది అత్తగారు మంగాయమ్మ.

"ఊరు ముందే పూసేసింది అత్తయ్యా. నేను చూపిస్తున్నానంతే."

వానలు మొదలయ్యేసరికి, కొత్త లైను కోసం చెట్లు కొట్టేస్తారన్న మాట పాకింది. ఏ చెట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. సౌభాగ్యకి అన్నం సహించలేదు.

"గోడ మీద దేవుడి బొమ్మ వేస్తే అక్కడెవడూ ఉమ్మడు కదా. నీ చెట్టుకీ ఓ బొమ్మ వేసెయ్," అన్నాడు షెడ్ డ్యూటీ దిగి వచ్చిన మొగుడు గిరిబాబు, నవ్వించడానికి.

ఆమె నవ్వలేదు. మొన్న పెద్దాఫీసరు వస్తున్నాడని కాలనీ గోడలకి సున్నం, జేగురు పూశారు. మిగిలిన ఎర్ర జేగురు డబ్బా పెరట్లోనే ఉంది. వానకి కరగకుండా అందులో అవిసె నూనె కలిపింది. మాను చుట్టూ ఎగిరే కొంగల్ని గీసింది, ఒకదాని ముక్కు ముందుదాని తోకకి తగిలేలా. పక్క చెట్టుకి కూడా సగం వరకూ వేసింది. మంగాయమ్మ వచ్చి చూసి, "బతికున్నట్టే ఉన్నాయే," అంటే సౌభాగ్య పొంగిపోయింది.

మర్నాడు అత్తాకోడళ్లు బుధవారీ బజారు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆకాశం బోసిగా ఉంది. చెట్టు నేల మీద ఉంది. కొమ్మల సందుల్లో కొంగపిల్లలు, కొన్ని ఇంకా మెడలు ఎత్తుతున్నాయి.

రంపం పక్కన పెట్టి కూర్చున్న మేస్త్రీ హిందీలో అన్నాడు, "ఎర్ర చుట్టు ఉన్నవన్నీ కొట్టమన్నారు దీదీ. లైను పక్క చెట్లకి నిన్న సాయంత్రం సాహెబే దగ్గరుండి గీయించారు. ఇది లైనుకి దూరమే, నాకూ అనుమానం వచ్చింది. కానీ చుట్టు ఉంది కదా."

"అది నేను వేసిన బొమ్మ."

అతను పడి ఉన్న మానునీ, ఆమెనీ చూశాడు. "అచ్ఛా," అన్నాడు మెల్లగా. "పక్కది అన్నం తిన్నాక కొడదామనుకున్నాం. దాని మీదా ఎరుపు ఉంది. రేపు సాహెబు వచ్చి ఎందుకు వదిలావని అడిగితే ఏం చెప్పను? ఎరుపు లేకపోతే నేను ముట్టుకోను."

సౌభాగ్య పరిగెత్తింది. బకెట్టు, కొబ్బరి పీచు, వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చింది. నీళ్లు కొట్టి పక్క చెట్టు మానుని రుద్దింది. జేగురు తడిసి మరింత ఎర్రగా మెరిసింది. నూనె బాగా పట్టింది. మంగాయమ్మ రెండో బకెట్టు మోసుకొచ్చింది.

పైన గూళ్లలో పిల్లలు మేతకోసం అరుస్తూనే ఉన్నాయి. కత్తితో గీకితే బెరడు ఊడి వస్తోంది. బెరడు లోపలికి కూడా ఎరుపు ఇంకింది. వెనక పనివాళ్లు టిఫిన్ డబ్బాలు మూస్తున్నారు.