పిల్లర్ గురించి నాలుగు మాటలు

నల్లా దగ్గర నేను నోరు తెరిస్తే పక్క గల్లీ వాళ్లు కూడా బిందె వెనక్కి తీసుకుంటారు. మేం బతుకుదెరువుకు వచ్చిన ఈ కనేరిలో ఎవరినైనా అడగండి, స్వర్ణ నోటికి జంకని వాళ్లెవరో చెప్పమనండి. ఆ పేరే నా కొంప ముంచింది. కార్ఖానా వాళ్లంతా కలిసి నన్ను ఇరికించారు. మా యజమాని దత్తాత్రి సేటు ముందు, మైకు పట్టుకుని, పిల్లర్ సంగతి నేనే చెప్పాలట.

కింద సాంచాలు, పైన మా గదులు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. అవి నడిచినంతసేపూ పైన గిన్నెలు గలగలమంటాయి, అది మాకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది పగులు. నేను నూలు కండెలు చుట్టే చోట, నా వీపు వెనకున్న పిల్లర్‌కు నిలువునా పడింది. మేస్త్రీతో సిమెంటు పూయించారు. వానలు మొదలయ్యాక ఆ సిమెంటు పెచ్చులుగా ఊడి నా బుట్టలో పడింది. పగుల్లో వేలు పెట్టి చూశాను. పట్టింది. ఆ పిల్లర్‌కు సరిగ్గా పైన మా గది, మా అమ్మాయి రోజా తల పెట్టుకుని పడుకునే గోడ. ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. సాంచాలు నడుస్తుంటే ఇప్పుడేమవుతుందోనని భయం, ఆగితే ఏమైందోనని భయం.

సేటుకు చెబితే, "వానకాలం ఎల్లంగనే రిపేరీ చేపిస్త" అన్నాడు. మగవాళ్లు గుసగుసలాడారు. అవి సేటు చెవిన పడ్డాయి. శుక్రవారం పగలంతా సాంచాలకు సెలవు కదా, ఆ మధ్యాహ్నం పద్మనగర్‌లో గుడి హాల్లో మీటింగ్ పెట్టాడు. "ఎవలికేమున్నా నలుగుట్ల మైకుల చెప్పుండ్రి. లేకుంటే పొద్దుమూకంగ సాంచాలు నడుపుండ్రి" అని కబురు పంపాడు. నలుగురిలో సేటును కాదని, మర్నాడు ఆయన్నే పని అడిగే ధైర్యం ఏ మగాడికుంది? ఆడమనిషిని సేటు నలుగురిలో తిట్టడు, ఆ మర్యాద మా వాళ్లలో ఇంకా ఉంది. అందుకని నన్ను ముందుకు తోశారు.

మా ఆయన అంకుశం మాత్రం వద్దన్నాడు. "నోరు మూస్కోని ఉండరాదే. పని పోతే ఏడికి పోతం? ఊర్లె గుంట జాగ సుత లేకపాయె."

"పిల్లర్ పోతే ఏడికి పోతం?" అన్నాను. మనిషి బీడీ ముట్టించుకుని బయటికి వెళ్లిపోయాడు.

రోజా కాలేజీలో పబ్లిక్ స్పీకింగ్ అని ఒక పాఠం ఉంది. ఇంకేముంది, సగం హిందీ కలిసిన తన తెలుగులో మా పిల్ల నాకు టీచరమ్మ అయి కూర్చుంది.

"అమ్మా, పహలే ఓపెనింగ్. నువ్వెవలో ఆడియన్స్‌కు చెప్పాలె. ఫిర్ ఐ కాంటాక్ట్, అంటే ఒక్కొక్కల కండ్లల్లకు చూడాలె."

"సేటు కండ్లల్ల చూస్తే ఉన్న ధైర్నం సుత పోతది బిడ్డా."

"పాజ్ భీ ఇయ్యాలె. ఒక్క మాట చెప్పి ఆగాలె, వాళ్లకు సోచాయించే టైమ్ ఇయ్యాలె."

"నల్ల కాడ ఆగితే బిందె పోతది."

అది నవ్వలేదు. "మజాక్ చేయకు. స్టేజ్ ఫియర్ అని ఉంటది. మైకు ముందలికి పోంగనే గొంతు పట్టుకపోతది. అందరికైతది. లంబా శ్వాస్ తీస్కోవాలె."

నా గొంతు పట్టుకుపోవడమేమిటి, నీ మొహం అన్నాను.

శుక్రవారం రానే వచ్చింది. పరీక్షలున్నాయని రోజా ఇంట్లోనే చదువుకుంటూ కూర్చుంది. హాలు నిండా మా కార్ఖానా వాళ్లే. సేటు స్టేజి మీద. ముందు కుర్చీలో వాళ్లమ్మ మల్లవ్వ. వాళ్లు సేట్లు కాకముందు ఆమె కూడా మాలాగే కూలికి సాంచాలు నడిపింది. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి రెండు చెవులూ పోగొట్టుకుంది. కొడుకు ఎక్కడ మీటింగ్ పెట్టినా ఆమెకు ముందు కుర్చీ వేస్తారు. పాపం, ఒక్క ముక్క వినబడక ఆవలిస్తూ కూర్చుంటుంది.

బిల్డింగ్ రాయిలా ఉందని, అబద్ధాలు నమ్మవద్దని సేటు చెప్పాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు. "రా చెల్లె. ఏమున్నదో చెప్పు."

అబద్ధమెందుకు, స్టేజి ఎక్కేసరికి నా నోట్లో తడి ఆరిపోయింది. అన్ని కళ్లు ఒక్కసారి నా మీద పడ్డాయి. ఓపెనింగూ లేదు, పాజూ లేదు, అన్నీ గాలికి పోయాయి. రోజా తల పెట్టుకునే గోడ ఒక్కటే కళ్ల ముందుంది. చెప్పేశాను. పిల్లర్ పగిలిందని, వేలు పడుతోందని, సిమెంటు నా బుట్టలో పడిందని, మా పిల్ల తల పెట్టుకునే గోడ దాని మీదే ఉందని, సాంచాలు నడపవద్దని. వెనక వరసల్లో ఆడవాళ్లు తలలూపారు, ఒకామె చెంగు నోటికడ్డం పెట్టుకుంది. అమ్మయ్య అనుకున్నాను.

"మైకు నడుస్తలేదా?" అన్నాడు సేటు.

మైకు కుర్రాడొచ్చి వేలితో కొట్టాడు. టకటకమని హాలంతా మోగింది.

నా గొంతు రాలేదని అప్పుడు తెలిసింది. సాంచాల మోతలో ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకే పనిలో మేం గొంతు వాడం. పెదాలు నిదానంగా కదిలిస్తాం, చేతులతో చూపిస్తాం, ఈ మూల నుంచి ఆ మూలకు అన్నీ అర్థమవుతాయి. భయంలో నా నోరు ఆ అలవాటులో పడింది. మైకు ముందు నిలబడి అంతా పెదాలతోనే చెప్పాను. మళ్లీ చెబుదామంటే ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు.

కార్ఖానా వాళ్లందరికీ ప్రతి ముక్కా అర్థమైంది. కానీ ఒక్కడూ లేవలేదు. అంకుశం తల వంచుకుని కూర్చున్నాడు. ఆ క్షణాన వాళ్లందరి మీదా నాకు ఒళ్లు మండిపోయింది.

సేటు నా చేతిలోని మైకు తీసుకున్నాడు. "చెల్లె ఏం చెప్పలే. అంటే ఏం లేదన్నట్టే. పొద్దుమూకంగ సాంచాలు షురూ చేయుండ్రి."

"ఎందుకు చెప్పలేదురా?"

మల్లవ్వ. చెవిటివాళ్ల గొంతు కదా, మైకు లేకుండానే హాలు దద్దరిల్లింది. "అంత చెప్పింది గదా. పిల్లర్ పలిగిందట. వేలు వడుతుందట. పోరి తల వెట్టుకునే గోడ గా పిల్లర్ మీదనే ఉన్నదట."

"అమ్మా, నీకు ఇనవడది, ఊకో" అని సేటు చేత్తో సైగ చేశాడు.

ఆమె కొడుకును చూడలేదు. నావైపు తిరిగి పెదాలతో అడిగింది: "పోరి గీ రాత్రి గాడనే పండుకుంటదా?"

నేను తలూపాను.

మల్లవ్వ కుర్చీ పట్టుకుని లేచింది. "గట్లైతే నేను సుత గాడనే పండుకుంట. రాయి లెక్క ఉన్నదన్నవు గదా, నాకేం భయం. పా స్వర్ణా, పోదం."

ఆమె వరసల మధ్య నుంచి నడవడం మొదలుపెట్టింది. సేటు స్టేజి అంచుకు వచ్చాడు. చేతిలో మైకు ఉన్న సంగతే మరిచిపోయాడు.

"వద్దమ్మా. గాడ పండుకోకు. ఆ పిల్లర్ నిలువది, ఇంజనీరు చెప్పిండు."

ఆ మాట హాల్లో చివరి వరస దాకా వినబడింది. సేటు మొహంలో నెత్తురు చుక్క లేదు.

అందరికంటే ముందు లేచింది అంకుశం. "రోజా ఇంట్ల ఒక్కతే ఉన్నదే" అన్నాడు నన్ను చూసి. కుర్చీలు తోసుకుంటూ తలుపు వైపు పరుగెత్తాడు. నేను చెప్పులు అక్కడే వదిలేసి, వానలో, అతని వెనక పరుగెత్తాను.